గేటు దాటిన ఆస్పత్రి పుస్తకం

పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఒక్కో ఊళ్లో ఒక్కో ప్రశ్న అడుగుతారు. డెల్టా పల్లెల్లో మాగాణి ఎన్ని ఎకరాలని అడిగేవారు. పట్నాల్లో సొంత ఇల్లుందా అని అడిగేవారు. మా విశాఖపట్నంలో మాత్రం, అబ్బాయి ఫలానా చోట పనిచేస్తున్నాడని చెప్పీ చెప్పగానే, మూలన కూచున్న ఏ మేనత్తో అమ్మమ్మో గొంతు సవరించుకుని అడిగే ప్రశ్న ఒకటుండేది: "ఆస్పత్రుందా?"

ఊళ్లో ఆస్పత్రి ఉందా అని కాదు సుమండీ. ఆ ఉద్యోగానికి ఆస్పత్రి ఉందా అని. పోర్టులో పనైతే ఉన్నట్టే. రైల్వే అయితే ఉన్నట్టే. స్టీల్‌ప్లాంటు సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. జీతం ఎంతన్నది ఆ తరవాతి మాట.

ఆ పెద్దావిడ బళ్లో చదువుకోకపోవచ్చు గాని లెక్క తెలిసిన మనిషి. జీతం మగవాడి చేతికొస్తుంది. ఆస్పత్రి పుస్తకం ఆడదాని చేతికొస్తుంది. పురుళ్లకీ, పిల్లల దగ్గులకీ, అత్తగారి కళ్లకీ, మామగారి షుగరుకీ ఆ పుస్తకం చేతిసంచిలో పెట్టుకుని వరసలో కూచునేది ఆవిడే. అట్ట మీద పేరు మాత్రం ఆయనది. ఆవిడ పేరు లోపలి పేజీలో, 'భార్య' అన్న గడిలో ఉంటుంది.

అంతా బాగానే ఉంది. కాని ఆయన ఉద్యోగం మారితే? పుస్తకం గేటు దగ్గర ఇచ్చేసి రావచ్చు. జబ్బును గేటు దగ్గర ఇచ్చేసి రావడానికి వీల్లేదు కదా! పాత ఉద్యోగంలో మొదలైన ఉబ్బసం కొత్త ఉద్యోగంలోకీ మన వెంటే వస్తుంది. చూడ్డానికి చిన్నదిగా కనిపించే ఈ చిక్కుకి దేశదేశాల్లో రకరకాల జవాబులు వెతికారు. వాటిల్లో ఒక మంచి జవాబు మన విశాఖ రేవులోనే, బస్తాలు మోసే కళాసీల మధ్య దొరికిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా కంపెనీ వారి ఓడల కార్ఖానాకి శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ గారు అక్కడ తయారైన 'జల ఉష'ని నీళ్లలోకి దింపారు. 1957లో కాల్టెక్స్ వారి చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో ఉక్కు కోసం ఆంధ్రదేశమంతా కదిలింది, ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగేసరికి 1990 అయింది.

ఇన్ని గేట్లు లేచాయి ఈ ఊళ్లో. ఒక్కో గేటు వెనక ఒక్కో చిన్న ఊరు. క్వార్టర్లు, బడి, క్లబ్బు, ఆస్పత్రి. సాలగ్రామపురంలో పోర్టు వారి గోల్డెన్ జూబ్లీ ఆస్పత్రి పోర్టు వాళ్లకి. ఉక్కునగరంలో స్టీల్ జనరల్ ఆస్పత్రి ఉక్కు వాళ్లకి. నౌకాదళం వారికి కల్యాణి. రైల్వే వారికి రైల్వే వారిది. ఏ గేటూ లేని జనానికి కింగ్ జార్జి, అదే మన పెద్దాసుపత్రి. అక్కడ పుస్తకం అడగరు. జనం మాత్రం తిరనాళ్లలా ఉంటారు.

ఈ గేట్లకి పైనున్న బోర్డులు ఎన్నోసార్లు మారాయి. సింధియా యార్డు 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. కాల్టెక్స్‌ని ప్రభుత్వం తీసుకుని 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపింది. భారత్ హెవీ ప్లేట్స్ అండ్ వెసెల్స్ 2013లో భెల్‌లో కలిసిపోయింది. మనుషులు వాళ్లే, సైకిళ్లు అవే, యజమాని మాత్రం వేరు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చట్టం ముందే ఆలోచించింది. సంస్థ చేతులు మారితే పనివాళ్ల సర్వీసు తెగకూడదు, షరతులు మునుపటికన్నా తగ్గకూడదు, అలా కాకపోతే పరిహారం ఇచ్చుకోవాలి అని పారిశ్రామిక వివాదాల చట్టానికి 1957 నాటి సవరణ చెప్పింది.

అంటే కంపెనీ యజమానిని మార్చుకుంటే మనిషికి రక్షణ ఉంది. మరి మనిషే యజమానిని మార్చుకుంటే? పదివేల మంది ఒక్కసారి మారితే చట్టం కదులుతుంది. ఒక్కడు మారితే వాడి సంగతి వాడు చూసుకోవాల్సిందే.

అందుకే మారడానికి భయపడతారు. యజమానులు ఆస్పత్రులు కట్టింది ఒట్టి దయతోనే కాదు. జ్వరంతో పడుకున్నవాడు క్రేను నడపలేడు, అది మొదటి కారణం. రెండోది, ఆస్పత్రి ఒక పలుపుతాడు కూడా. ఇంట్లో పిల్లకి గుండెజబ్బు ఉందనుకోండి, తండ్రి ఎంత మంచి ఉద్యోగం వచ్చినా కదలడు. అమెరికాలో దీనికి 'జాబ్ లాక్' అని పేరే పెట్టారు. ఉద్యోగపు తాళం అన్నమాట. తాళంచెవి ఆస్పత్రిలో ఉంటుంది.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఓ ఓడల కార్ఖానా కథ చెప్పాలి. 1933లో కాలిఫోర్నియా ఎడారిలో, లాస్ ఏంజిలిస్‌కి నీళ్లు తెచ్చే కాలవ తవ్వే కూలీల కోసం సిడ్నీ గార్‌ఫీల్డ్ అనే కుర్ర డాక్టరు చిన్న ఆస్పత్రి పెట్టాడు. జబ్బు చేశాక డబ్బడిగితే ఇచ్చేవాళ్లు లేరు. అందుకని జబ్బు రాకముందే మనిషికి రోజుకి అయిదు సెంట్ల చొప్పున ముందుగా తీసుకునే ఏర్పాటు చేశారు. 1938లో అదే డాక్టరు గ్రాండ్ కూలీ ఆనకట్ట పనికి వెళ్లినప్పుడు, పనివాళ్ల భార్యలు ఊరుకోలేదు. వాళ్లకేనా ఆస్పత్రి, మాకూ పిల్లలకీ వద్దా అని అడిగారు. అడిగితే వచ్చింది. ఆడవాళ్లు అడిగేదాకా అది కుటుంబం ఆస్పత్రి కాలేదు, గమనించండి.

తరవాత యుద్ధం. హెన్రీ కైజర్ అనే ఆసామి రిచ్‌మండ్‌లో ఓడల కార్ఖానాలు పెట్టాడు. మన సింధియా యార్డు పునాదుల మీద లేస్తున్న ఆ రోజుల్లోనే అక్కడ వేలాదిమంది మగవాళ్లూ ఆడవాళ్లూ ఓడలకి రేకులు అతుకుతున్నారు. వాళ్ల వైద్యం గార్‌ఫీల్డ్ చూసుకున్నాడు. 1945లో యుద్ధం అయిపోయింది. కార్ఖానాలు ఖాళీ అయ్యాయి. డాక్టర్లున్నారు, మంచాలున్నాయి, రోగులు మాత్రం ఉద్యోగాలు పోయి ఇళ్లకి వెళ్లిపోయారు. అప్పుడు వాళ్లు చేసిన పని ఏమిటంటే, గేటు తీసేశారు. ఓడల కార్ఖానాలో పనిచేసినా చెయ్యకపోయినా సరే, నెలనెలా చందా కట్టేవాళ్లెవరైనా రావచ్చన్నారు. ఆ సంస్థ ఈనాటికీ నడుస్తోంది.

కాని దేశం మొత్తం ఆ దారిన పోలేదు. యుద్ధకాలంలో 1942లో జీతాలు పెంచకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. మనుషుల్ని ఆకర్షించాలి, జీతం పెంచడానికి వీల్లేదు. అందుకని కంపెనీలు ఆరోగ్య బీమా ఎర చూపించాయి. యుద్ధం పోయింది గాని అలవాటు ఉండిపోయింది. వైద్యం ఉద్యోగానికి ముడిపడిపోయింది. ఉద్యోగం పోతే బీమా పోవడం, భర్త పోతే బీమా పోవడం, భర్త విడాకులిస్తే బీమా పోవడం మామూలైపోయింది. ఆఖరికి 1986 ఏప్రిల్ 7న ఒక చట్టం వచ్చింది. దాని పొడవాటి పేరులోని మొదటి అక్షరాలన్నీ కలిపితే 'కోబ్రా' అవుతుంది.

అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మా, ఉద్యోగం మారుతున్నాను, కొత్తది మొదలయ్యేదాకా కోబ్రా తీసుకుంటున్నాను" అంటే, ఇక్కడ మా వీధిలో ఒక తల్లి కంగారుపడి పుట్టలో పాలు పోసొచ్చింది. పేరు పాముదే గాని ఉద్దేశం మంచిదే. ఇరవై మందికి తక్కువ కాకుండా ఉన్న కంపెనీలో ఉద్యోగం మానినవాడు, పాత బీమానే పద్ధెనిమిది నెలలదాకా ఉంచుకోవచ్చు. భర్త చనిపోయిన ఇల్లాలికీ, విడాకులైన ఇల్లాలికీ అయితే ముప్ఫై ఆరు నెలలు. కాటు ఎక్కడుందంటే, ఖరీదులో. ఉద్యోగంలో ఉన్నప్పుడు కంపెనీ సగానికి పైగా కట్టే సొమ్మంతా ఇప్పుడు మనమే కట్టాలి, పైన రెండు శాతం ఖర్చులకింద వేసి నూటికి నూటరెండు. జీతం ఆగిన నెలలోనే ఆ బిల్లు వస్తుంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1944లో ఆచార్య బి.పి. అదార్కర్ కార్మికుల ఆరోగ్య బీమా మీద ఒక నివేదిక ఇచ్చారు. దాని మీద 1948లో ఈఎస్ఐ చట్టం చేశారు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ గారు పథకాన్ని ప్రారంభించారు. కాన్పూరు, ఢిల్లీ కలిపి లక్షా ఇరవై వేల మందితో మొదలు. అప్పట్లో నెలకి 400 రూపాయలలోపు వచ్చేవాళ్లకే. గౌరవ సభ్యుడిగా మొదటి ఫారం నింపినది కూడా నెహ్రూ గారే.

ఈఎస్ఐలో తెలివైన ఏర్పాటు ఒకటుంది. మల్కాపురం ఆస్పత్రి వరండాలో కూచున్న ఆడవాళ్లలో ఎంతమందికి తెలుసో గాని, అందరూ తెలుసుకోవాలి. బీమా నెంబరు కంపెనీది కాదు, మనిషిది. ఈ మిల్లు మాని ఆ మిల్లులో చేరినా అదే నెంబరు. అంతేకాదు, చందా కట్టిన కాలమొకటి, ఫలం అనుభవించే కాలమొకటి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరుదాకా కట్టిన చందాకి, వచ్చే జనవరి నుంచి జూన్‌దాకా ఫలం. అక్టోబరు నుంచి మార్చిదాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరుదాకా. కాబట్టి కావలసినన్ని రోజుల చందా పడి, ఆగస్టులో పని పోయినవాడికి, మరుసటి జూన్ ఆఖరుదాకా వైద్యం అందుతుంది. ఆవకాయ పెట్టుకున్నట్టే. మామిడికాయలు వేసవిలోవే, అన్నంలో కలుపుకునేది ఏడాదంతా.

అయిదేళ్లు సభ్యుడిగా ఉండి పదవీ విరమణ చేసినవాడికి, ఏడాదికి 120 రూపాయలు కడితే, ఆయనకీ భార్యకీ వైద్యం చెయ్యాలని కూడా నియమం పెట్టారు. పన్నెండు నెలలకి నూటఇరవై. ఈ కాలంలో ఒక్క పూట టిఫిన్ల ఖర్చు.

ఇంత చేసినా ఈఎస్ఐకి ఒక కావలసిన వస్తువుంది. పనివాడికి ఒక యజమాని ఉండాలి, ఆ యజమాని నెలనెలా చందా కట్టాలి. రేవులో కళాసీకి యజమాని ఎవరు? ఓడ వచ్చిన రోజున సరుకు దింపించే స్టీవిడోరు కంపెనీ. ఇవాళ ఒకరు, రేపు ఇంకొకరు, ఎల్లుండి ఓడే లేదు. తెల్లారగట్ల జట్టుమేస్త్రి ముందు నిలబడి, వేలు చూపించినవాడు లోపలికి, చూపించనివాడు ఇంటికి. వారంలో నలుగురు యజమానులు మారే మనిషికి ఆస్పత్రి పుస్తకం ఎవరివ్వాలి?

దీనికి జవాబుగా 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చింది. ఇంగ్లండులో అంతకు ముందేడు, 1947లో, అక్కడి రేవులకి ఇలాంటి పథకం పెట్టారు. విశాఖ రేవుకి పథకం 1959లో వచ్చింది. డాక్ లేబర్ బోర్డు అన్నారు దాన్ని. ప్రభుత్వం తరఫువాళ్లు, యజమానుల తరఫువాళ్లు, కార్మికుల తరఫువాళ్లు కలిసి కూచునే బోర్డు. కళాసీల పేర్లన్నీ రిజిస్టరులో ఎక్కించారు. స్టీవిడోరుకి మనుషులు కావాలంటే బోర్డుని అడగాలి, బోర్డు వంతుల ప్రకారం పంపుతుంది. ఓడ లేని రోజున వచ్చి నిలబడ్డవాడికి కూడా హాజరు డబ్బు ఉంటుంది. స్టీవిడోర్లు కూలి మీద ఇంత శాతమని బోర్డుకి కడతారు. ఆ నిధిలోంచే సంక్షేమం.

ఎంత సులువైన ఆలోచనో చూశారా? ఏ ఒక్క యజమానీ ఆ కళాసీ బాధ్యత నెత్తిన వేసుకోలేదు. అందరూ కలిసి తలా పిడికెడు వేశారు. రోజుకో యజమాని మారుతున్నా కళాసీ మాత్రం ఒక్క బోర్డు మనిషి. ఒక్క యజమాని దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసిన గుమస్తా ఉద్యోగం మానితే పుస్తకం ఇచ్చెయ్యాలి. ముప్ఫై ఏళ్లలో వందమంది యజమానుల్ని చూసిన కళాసీకి, వాళ్లెవరు మారినా ఏమీ మారలేదు. ఎవరిది మంచి ఉద్యోగం, చెప్పండి?

ఆ బోర్డు ఇప్పుడు విడిగా లేదు. కంటెయినర్లొచ్చాయి, క్రేన్లు పెరిగాయి, మోసే భుజాలు తగ్గాయి. 1997 చట్టం బోర్డుల్ని పోర్టుల్లో కలిపెయ్యడానికి దారి తీసింది. విశాఖ బోర్డు 2008లో పోర్టులో కలిసింది. రిజిస్టరు మూతపడింది గాని ఆ ఆలోచనకి కాలం చెల్లలేదు. పైగా దాని అవసరం ఇప్పుడే ఎక్కువైంది. ఎందుకంటారా? ఇవాళ్టి మధ్యతరగతి పిల్లలు చదువుకున్న కళాసీలు. రెండేళ్లకో కంపెనీ, మూడేళ్లకో ఊరు.

వీళ్లకి ఈఎస్ఐ లేదు. 2017 జనవరి నుంచి నెలకి 21,000 రూపాయలన్నది దాని హద్దు. దాటినవాళ్లకి కంపెనీ గ్రూపు పాలసీ తీసుకుంటుంది. గ్రూపు పాలసీ మంచిదే. పాత జబ్బులున్నా మొదటిరోజునుంచే చూసేవే చాలా ఉంటాయి. కాని ఉద్యోగం మానిన రోజుతో అది చెల్లు.

గాజువాకలో నాకు తెలిసిన ఒకావిడ ఉంది. భర్త ఒక ప్రైవేటు కంపెనీ మాని ఇంకొకదానిలో చేరాడు. మధ్యలో ఇరవైమూడు రోజులు ఖాళీ. తల్లి ఆబ్దికం పెట్టుకోవచ్చు, ఇల్లు మారవచ్చు అని ఆయనే అడిగి తీసుకున్నాడు. ఆ ఖాళీలో రెండోరోజున స్నానం చేస్తుంటే ఆవిడ చేతికి రొమ్ములో గడ్డ తగిలింది. డాక్టరు దగ్గరికి వెళితే పరీక్షలంటారు, కాగితం మీద జబ్బు పేరు పడుతుంది, కొత్త కంపెనీ పాలసీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో. భర్తకి కూడా చెప్పలేదు. ఇరవైమూడు రోజులు ఆ గడ్డ మీద చెయ్యేసుకుని పడుకుంది. కొత్త కార్డు వచ్చిన మర్నాడు వెళ్లింది. ప్రమాదం లేని గడ్డ అన్నారు. దేవుడు చల్లగా చూశాడని మనం అనుకోవచ్చు. కాని ఆ ఇరవైమూడు రాత్రులు ఆవిడకి ఎవరు తిరిగిస్తారు? అది ప్రమాదం ఉన్న గడ్డే అయితే, ఆ ఆలస్యం ఎవరి పద్దులో రాయాలి?

మార్గాలు లేవని కాదు. 1986లోనే, అంటే అక్కడ కోబ్రా వచ్చిన ఏడాదే, ఇక్కడ ప్రభుత్వ బీమా కంపెనీలు మెడిక్లెయిమ్ పాలసీ తెచ్చాయి. 2011 అక్టోబరు నుంచి ఒక కంపెనీ పాలసీని ఇంకో కంపెనీకి మార్చుకున్నా, అంతదాకా గడిచిన నిరీక్షణ కాలం పోకుండా లెక్కలోకి వచ్చే వీలు కల్పించారు. గ్రూపు పాలసీలోంచి బయటికొచ్చేవాళ్లు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారమని అడగొచ్చు. పాత జబ్బులకి నిరీక్షణ మూడేళ్లకి మించకూడదని 2024లో నియమం వచ్చింది. కాని ఇవన్నీ ఉద్యోగం మానకముందే అడగవలసిన సంగతులు. రాజీనామా ఇచ్చే హడావిడిలో పి.ఎఫ్. కాగితాలు, గ్రాట్యుటీ లెక్కలు గుర్తుంటాయి గాని, ఆస్పత్రి సంగతి మగవాళ్లకి గుర్తుండదు. వరసలో కూచునేది వాళ్లు కాదు కదా.

అన్నట్టు, 2007లో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఉద్యోగం ఏమిటని అడగలేదు. ఇంటికున్న రేషన్ కార్డే చాలన్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో, ఉద్యోగం చేసే ఆడపిల్ల కుటుంబం అంటే ఆమె మీద ఆధారపడ్డ అత్తమామలు కూడా అని రాశారు. 'భార్య' గడిలో ఉండే పేరు అట్ట మీదికి వచ్చి, మామగారి పేరు లోపలి పేజీలోకి వెళుతోంది. కాలం మారుతోంది మరి.

గార్‌ఫీల్డ్ ఆస్పత్రి గేటు తీసేసినా, ఈఎస్ఐ మనిషికి నెంబరిచ్చినా, రేవు బోర్డు రిజిస్టరు పెట్టినా, వాళ్లు తెలుసుకున్నది ఒక్కటే. జబ్బు ఉద్యోగానికి రాదు, మనిషికొస్తుంది. కాబట్టి మందు కూడా మనిషి వెంట నడవాలి. అందరూ తలా పిడికెడు వేస్తే అది నడుస్తుందని మన కళాసీలు యాభై ఏళ్లపాటు చూపించారు.

ఈసారి పెళ్లిచూపుల్లో ఎవరైనా పెద్దావిడ "ఆస్పత్రుందా?" అని అడిగితే నవ్వకండి. పక్కనే కూచుని ఇంకో ప్రశ్న కూడా అడగమనండి: "ఉద్యోగం మారినా ఉంటుందా?" ఆ మాట అబ్బాయినే కాదు, అమ్మాయి ఉద్యోగం గురించి కూడా అడగాలి.